రోజూ అదే సముద్రం మీద ఎందుకు ఎగరాలి?

నేవీలో చేశానని చెప్తే మా శ్రీకాకుళం వైపు జనం ముందు అడిగేది, ఏ ఓడ మీద అని. ఓడ మీద కాదండీ, విమానాల స్క్వాడ్రన్‌లో అంటే వాళ్ల ముఖం వెలుగుతుంది. ఫైటర్లా అంటారు. కాదు, సముద్రం మీద గస్తీ తిరిగే పెద్ద విమానాలు, నేను వాటి ఎలక్ట్రికల్ పని చూసేవాణ్ని అనగానే ఆ వెలుగు సగం తగ్గిపోతుంది. ఆఖరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గరికొస్తారు. "మరి మీరున్నన్నాళ్లలో ఎప్పుడైనా శత్రువు సబ్‌మెరైన్ దొరికిందా?"

దొరికిందో లేదో చెప్పే అధికారం నాకు లేదు, అది వేరే సంగతి. నన్ను బాధపెట్టేది ఆ ప్రశ్న వెనకున్న లెక్క. ఏదో ఒకటి దొరికితేనే ఆ రోజు పని జరిగినట్టు, లేకపోతే ఆయిల్ తగలేసి వచ్చినట్టు. టీవీ చర్చల్లో కూడా ఇదే లెక్క నడుస్తుంది. మిసైల్ ఎంత దూరం పోతుంది, ఫైటర్ ఎంత వేగంగా పోతుంది, ఎన్ని కొన్నాం. రోజూ ఒకే దారిన వెళ్లి, ఏమీ కనబడలేదని రాసి తిరిగొచ్చే విమానం ఎవరికీ పట్టదు. సముద్రం వైపు మన రక్షణకి పునాది ఆ విమానమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందులోనూ అసలు విలువ, ఏళ్ల తరబడి అదే సముద్రాన్ని చూసి, విని అలవాటుపడిన మనుషులది. వాళ్లని మనం సరిగ్గా లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ వ్యాసం అందుకే.

నేను చాలాకాలం పని చేసింది తమిళనాడు అరక్కోణంలో, ఐఎన్ఎస్ రాజాలి అనే నేవీ విమాన స్థావరంలోని 312వ స్క్వాడ్రన్‌లో. ఆల్బట్రాస్ అని దాని పేరు. అప్పట్లో మా దగ్గరున్నవి రష్యా టుపోలెవ్-142లు. 1988లో వచ్చాయి, మొత్తం ఎనిమిది. మొదట గోవాలో ఉండి, 1992లో రాజాలి తయారయ్యాక అరక్కోణం వచ్చేశాయి. పొడవు 53 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, రెండూ ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి. స్టార్ట్ చేస్తే చుట్టుపక్కల కిటికీ అద్దాలు అదిరేవి. పన్నెండు గంటలకు పైగా గాల్లో ఉండగలిగిన విమానం అది. 2017 మార్చి 29న వీడ్కోలు ఇచ్చేనాటికి 29 ఏళ్ల సర్వీసులో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయి. రాత్రీ పగలూ కలిపి లెక్కేస్తే 1,250 రోజులు. ఆ గంటల్లో ఎక్కువ భాగం ఏ పేపర్లోనూ రాలేదు.

ఇప్పుడు వాటి స్థానంలో బోయింగ్ పీ-8ఐలు ఉన్నాయి. మొదటిది 2013 మేలో రాజాలిలో దిగింది. బయటి నుంచి చూస్తే మనం హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఎక్కే 737 విమానమే. లోపల మాత్రం ప్రయాణికుల సీట్ల బదులు వరసగా స్క్రీన్లు, పొట్టలో టార్పెడోలు, తోక చివర సబ్‌మెరైన్ ఇనుముని పసిగట్టే అయస్కాంత పరికరం. సుమారు 2,200 కిలోమీటర్లు వెళ్లి, అక్కడ నాలుగు గంటలు తిరిగి, మళ్లీ ఇంటికి రాగలదు. అరక్కోణంలో లేచి అండమాన్ దాటి, మలక్కా జలసంధి పడమటి ముఖం చూసి రావచ్చన్నమాట. 2022లో గోవాలో 316వ స్క్వాడ్రన్ కూడా వీటితోనే మొదలైంది. తీరానికి దగ్గర పని చిన్న డోర్నియర్లది. విశాఖ ఐఎన్ఎస్ డేగాలోని 311వ స్క్వాడ్రన్ వాటిదే. విశాఖ ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లైట్ కోసం కూర్చున్నవాళ్లు ఆ రెండు ప్రొపెల్లర్ల విమానం లేవడం చూసే ఉంటారు.

గస్తీ రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. లేవడానికి చాలా ముందే బ్రీఫింగ్. వాతావరణం, ఆ ప్రాంతంలో ఉన్న మన ఓడలు, కిందటిసారి వెళ్లినవాళ్లు చూసినవి. ఆ తర్వాత గంటల కొద్దీ నీళ్లు. రాడార్ మీద ఒక చుక్క కనబడుతుంది. పెద్ద వర్తక ఓడలు ఏఐఎస్ అనే పరికరంతో తమ పేరు, దిక్కు, వేగం చాటుకుంటూ వెళ్లాలి. ఆ చుక్కకీ ఈ సమాచారానికీ పొంతన కుదిరితే సరే. కుదరకపోతే దగ్గరికెళ్లి చూస్తారు, ఫోటో తీస్తారు, వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో పలకరిస్తారు. మీ ఓడ పేరేంటి, ఎక్కణ్నించి వస్తున్నారు, తర్వాతి రేవు ఏది, ఎంతమంది ఉన్నారు. అవతలి నుంచి నిద్రమత్తు గొంతు ఒకటి జవాబిస్తుంది. రాసుకుంటారు. తర్వాతి చుక్క. మళ్లీ అవే ప్రశ్నలు. దిగాక డీబ్రీఫింగ్, రిపోర్టు. వాళ్లు ఇళ్లకి బయల్దేరేసరికి మా పని మొదలయ్యేది.

సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగొచ్చిన విమానం ఒంటి నిండా ఉప్పు ఉంటుంది. రెక్క అంచు మీద వేలు పెట్టి రాస్తే తెల్లగా వచ్చేది. దాన్ని అలా వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది, అందుకని మంచినీళ్లతో కడగాలి. 53 మీటర్ల విమానాన్ని కడగడమంటే మాటలు కాదు. తర్వాత ప్యానెళ్లు విప్పి, టార్చి పట్టుకుని, కనెక్టర్ల పిన్నుల్లో ఎక్కడైనా పచ్చగా చిలుం పట్టిందేమో చూడాలి. ఒక పిన్నులో చిలుం పడితే పైన ఒక రేడియో గరగరమంటుంది. అది గరగరమన్న గంటలోనే ఒక ఓడ పిలుపు వినబడకపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో అరక్కోణం ఎండకి విమానం లోపల చెమటతో చేతిలో స్క్రూడ్రైవర్ జారిపోయేది. మా సీనియర్లు ఒక నియమం పెట్టారు. పని అయిపోయిందని నువ్వు సంతకం పెట్టాక, ఆ విమానంలో నీ తమ్ముడు ఎక్కుతున్నాడనుకో, అప్పుడు కూడా సంతకం పెడతావా లేదా చూసుకో. నేను పని చేసినన్నాళ్లూ ఆ మాట మీదే నడిచాను.

ఒకసారి సెలవు మీద ఊరొచ్చినప్పుడు కళింగపట్నం దగ్గర మా మావ అడిగాడు. "అల్లుడూ, మీ ఇమానం పైనుంచి రోజూ ఎల్తానే ఉంటాది. ఏటీ దొరకదని తెలిసీ మల్లీ ఎందుకెల్తారొరే?"

నేనేదో దేశం, భద్రత అంటూ మొదలుపెట్టాను. ఆయనకి ఎక్కలేదు. అంతలో దూరం నుంచి ఒక బోటు చప్పుడొచ్చింది. ఇంకా కంటికి ఆనలేదు. "అది మనూరి ఇంజను కాదు" అన్నాడు మావ, వల సర్దుకుంటూనే. కాసేపటికి బోటు కనబడింది, నిజంగానే పక్క జిల్లాది. మావ చెవి అలా ఎలా తయారైంది? ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే తమ ఊరి ఇంజన్ల చప్పుడు వినబట్టి. ఆ విన్న రోజుల్లో ఒక్కనాడూ విశేషం ఏమీ జరగలేదు. "మా పనీ ఇదే మావా" అంటే నవ్వి తలూపాడు. మామూలు ఏదో తెలిసినవాడికే మామూలు కానిది తెలుస్తుంది. మామూలు ఏదో తెలుసుకోవాలంటే మామూలు రోజుల్లోనే వెళ్లాలి, అదీ మళ్లీ మళ్లీ వెళ్లాలి. యుద్ధం వచ్చిన రోజు డబ్బు పోసి విమానం కొనుక్కోవచ్చేమో గానీ ఈ అలవాటుని కొనుక్కోలేం.

సబ్‌మెరైన్ల విషయంలో ఇది ఇంకా నిజం. డీజిల్ సబ్‌మెరైన్ నీటి కింద బ్యాటరీ మీద నడుస్తుంది. అప్పుడు దాని చప్పుడు పట్టుకోవడం మహా కష్టం. అయితే బ్యాటరీ ఎంతోకాలం రాదు. చార్జ్ చేసుకోవాలంటే పైకి తేలొచ్చి, నీటి మీదకి ఒక గొట్టం పెట్టి, గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజన్ నడపాలి. ఆ గొట్టాన్ని రాడార్ చూడగలదు, ఆ ఇంజన్ చప్పుడు దూరం పోతుంది. పైన గస్తీ విమానం ఉండొచ్చనే అనుమానం ఉన్నంతవరకూ దాని కెప్టెన్ పైకి రావడానికి జంకుతాడు. నెమ్మదిగా పోతాడు, బ్యాటరీ పొదుపు చేసుకుంటాడు, చేరాల్సిన చోటికి వేళకి చేరలేడు. విమానంలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ రోజు ఏమీ కనబడదు, రిపోర్టులో ఏమీ లేదనే రాస్తారు. కింద ఒకడి పథకం మొత్తం పాడైపోయిన సంగతి వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో అట్లాంటిక్ మధ్యలో విమానాలు చేరలేని జాగా ఒకటుండేది. జర్మన్ సబ్‌మెరైన్లకి అదే వేటస్థలం. ఎక్కువ దూరం పోగలిగే లిబరేటర్ విమానాలు ఆ ఖాళీని పూడ్చాక కథ మారిపోయింది. 1943 మే ఒక్క నెలలోనే జర్మనీ 40కి పైగా సబ్‌మెరైన్లు పోగొట్టుకుని, మిగతావాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించుకుంది. ఓడల గుంపుల మీద రోజుల తరబడి తిరుగుతూ ఒక్క సబ్‌మెరైన్‌నీ చూడని పైలట్లు కూడా ఆ గెలుపులో భాగమే.

చెవితో చేసే పని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. సోనోబోయ్ అంటే సుమారు మూడడుగుల గొట్టం. విమానం నుంచి జారవిడిస్తే నీళ్ల మీద తేలుతూ, వైరు చివరున్న మైక్‌ని లోతుకి దింపి, అక్కడ విన్నదంతా రేడియోలో పైకి పంపుతుంది. కొన్ని గంటలయ్యాక తనే మునిగిపోతుంది. మా స్క్వాడ్రన్‌లో వినడంలో చేయి తిరిగిన చీఫ్ ఒకాయన ఉండేవారు. ఖాళీ దొరికితే కుర్రాళ్లని కూర్చోబెట్టి టేపులు వినిపించేవారు. మొదటిసారి హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు నాకు చిటపట తప్ప ఏమీ వినబడలేదు. పరికరం పాడైందనుకున్నాను. "అవి రొయ్యలు" అన్నారాయన. లోతు తక్కువ నీళ్లలో ఒక రకం రొయ్యలు గోళ్లు టప్పున కొడతాయి, లక్షల కొద్దీ కలిస్తే ఎడతెగని చప్పుడు. "ముందు ఈ రొయ్యల్ని మర్చిపోవడం నేర్చుకో. అప్పుడు దాని వెనక చేపల ట్రాలర్ వినబడుతుంది. ట్రాలర్‌ని మర్చిపోవడం నేర్చుకుంటే ఇంకా వెనక ఏముందో వింటావు." ఆ టేపులో ట్రాలర్ ఉందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆయన మాత్రం దాని ప్రొపెల్లర్ రెక్క ఒకటి దెబ్బతిన్నదని కూడా చెప్పేశారు.

పైగా బంగాళాఖాతం మిగతా సముద్రాల్లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదుల నీళ్లూ అందులోకే వస్తాయి. వాటికి తోడు వానలు. ఆ మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. నీటిలో చప్పుడు తిన్నగా పోదు. వేడి, ఉప్పు మారినచోటల్లా వంగుతుంది. గోదావరి వరద దిగిన నెలలో వినబడిన దూరం వేసవిలో వినబడకపోవచ్చు. సబ్‌మెరైన్ ఏ పొర కింద దాక్కుంటే పైకి వినబడదో కూడా కాలాన్ని బట్టి మారిపోతుంది. లోతుని బట్టి వేడి కొలిచే బోయ్‌లు వేసి ఇదంతా నమోదు చేస్తారు. ఒక ఏడాది కొలిస్తే సరిపోదు, ఏటేటా తేడాలుంటాయి. "అదే సముద్రం, అదే దారి" అనేవాళ్లకి నా జవాబు ఇదే. పైనుంచి చూస్తే అదే, లోపల ప్రతి నెలా వేరే సముద్రం.

విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్‌కి ఎదురుగా మా టుపోలెవ్ ఒకటి 2017 డిసెంబర్ నుంచి మ్యూజియంగా ఉంది. వేటాడేదీ, వేటకి దొరికేదీ రోడ్డుకి అటూ ఇటూ. జనం బాగా వస్తారు, చూస్తే సంతోషంగా ఉంటుంది. అక్కడ పిల్లల చేతికి ఒక హెడ్‌ఫోన్ ఇచ్చి, పది నిమిషాలు రొయ్యల చప్పుడు వినిపించి, ఇందులో ట్రాలర్ ఎక్కడుందో కనిపెట్టమంటే బాగుంటుందని నా కోరిక. ఎంత బరువు, ఎంత వేగం అనే అంకెలు ఇంటికెళ్లేలోపు మర్చిపోతారు. ఇది మర్చిపోరు.

మన తీరానికి గస్తీ విమానం ఎందుకు అని అడిగేవాళ్లు 1942 ఏప్రిల్ మొదటి వారాన్ని ఒకసారి తలుచుకోవాలి. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పోయారు. ఆ కథ మన పెద్దవాళ్ల నోట విన్నదే. దానికి రెండు రోజుల ముందు సిలోన్‌కి, అంటే ఇప్పటి శ్రీలంకకి, దక్షిణాన జరిగింది మాత్రం మన వైపు తక్కువమందికి తెలుసు. అక్కడి కొగ్గల నుంచి కెనడా వైమానిక దళం 413వ స్క్వాడ్రన్ కాటలీనా గస్తీ విమానం ఒకటి ఏప్రిల్ 4న గస్తీకి లేచింది. లియొనార్డ్ బర్చల్ దాని కెప్టెన్. వాళ్లు సిలోన్ వచ్చి కొద్ది రోజులే అయింది. రోజంతా ఖాళీ సముద్రం. ఇంటిదారి పట్టాల్సిన వేళ దిగంతం మీద చుక్కలు కనబడ్డాయి. దగ్గరికెళ్లి చూస్తే, నాలుగు నెలల కింద పెర్ల్ హార్బర్‌ని కొట్టిన జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం. వైర్‌లెస్‌లో వార్త పంపుతుండగానే జపాన్ ఫైటర్లు కూల్చేశాయి. కొందరు చనిపోయారు. బర్చల్, మిగతావాళ్లు యుద్ధఖైదీలుగా జపాన్ వెళ్లారు.

మర్నాడు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద దాడి జరిగింది. ఆ హెచ్చరికతో అంతా సవ్యంగా జరిగిపోయిందని నేననను. రత్మలానా ఎయిర్‌ఫీల్డ్‌లో ఫైటర్లు నేల మీదే దొరికిపోయాయి. కార్న్‌వాల్, డోర్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ క్రూజర్లు అదే రోజు మునిగాయి. అయినా దెబ్బ వస్తోందని కొలంబోకి ముందే తెలుసు. అదే రోజుల్లో బంగాళాఖాతంలో ఓజావా అనే అడ్మిరల్ నడిపిన ఇంకో జపాన్ దళం 20కి పైగా వర్తక ఓడల్ని ముంచింది. వాటికి తోడుగా యుద్ధనౌకలు లేవు, పైన కాపలా విమానాలు లేవు. ఒకే వారం, ఒకే శత్రువు. ఒక చోట రోజంతా ఏమీ చూడని విమానం ఒకటి పైన ఉంది, ఇంకో చోట లేదు. ఆ పొద్దున్న ఎవరైనా బర్చల్‌ని ఈ పని దండగ అని ఆపి ఉంటే, మధ్యాహ్నం దాకా వాళ్ల మాటే నెగ్గేది.

దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024 జనవరి. సోమాలియా తీరానికి దూరంగా లీలా నార్‌ఫోక్ అనే ఓడని సాయుధులు ఎక్కారన్న కబురు వచ్చిన మర్నాడు పొద్దున్నే మన గస్తీ విమానం దాని మీదుంది. ఓడతో మాట కలిపింది. ఐఎన్ఎస్ చెన్నై అనే మన యుద్ధనౌక అక్కడికి చేరింది. 21 మందీ క్షేమం, అందులో 15 మంది మనవాళ్లు. టీవీల్లో కమాండోలని చూపించారు, చూపించాల్సిందే. అంత దూరంలో అంత త్వరగా విమానం ఎలా ఉందన్నది మాత్రం ఎవరూ అడగలేదు. ఆ దారి ఆ విమానంలోవాళ్లకి కొత్త కాదు కాబట్టే అది కుదిరింది.

రొటీన్ అనే మాట వింటే ప్రమాదం లేదనిపిస్తుంది. 2002 అక్టోబర్ 1న గోవాలో 315వ స్క్వాడ్రన్ రజతోత్సవం రోజున రెండు ఐఎల్-38 గస్తీ విమానాలు గాల్లో ఢీకొన్నాయి. రెండింట్లో ఉన్న 12 మందీ పోయారు. 2015 మార్చి 24 రాత్రి గోవా దగ్గర సముద్రంలో డోర్నియర్ ఒకటి కూలింది. అందులో అబ్జర్వర్‌గా ఉన్న లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్, పైలట్ లెఫ్టినెంట్ అభినవ్ నాగోరీ చనిపోయారు. విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి నేవీ మహిళా అధికారి ఆమె. అంతకు రెండు నెలల కిందే రిపబ్లిక్ డే పరేడ్‌లో నేవీ మహిళల దళంతో ఢిల్లీలో కవాతు చేసింది. అది యుద్ధం కాదు, మామూలు రాత్రి, మామూలు శిక్షణ.

"ఏమీ కనబడలేదు" అన్న మాట బరువెంతో 2016లో విశాఖ తెలుసుకుంది. జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, పీ-8ఐలు, డోర్నియర్లు రోజుల తరబడి వెతికాయి. ప్రతి సాయంత్రం అదే జవాబు. వెతికేవాళ్లకి కళ్లు ఎర్రబడేదాకా నీళ్లని చూడటమే పని. కిటికీ దగ్గర కూర్చున్నవాడు ఒక్క క్షణం అలసి కళ్లు పక్కకి తిప్పితే ఆ క్షణంలోనే ఏదైనా తేలి మునిగిపోయిందేమోనన్న టెన్షన్ వాళ్లని వదలదు. 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయని ప్రభుత్వం ప్రకటించింది. ఏడున్నరేళ్లు. ఆ కుటుంబాలు అన్నేళ్లు ఎలా గడిపాయో తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. సముద్రం ఎంత పెద్దదో, దాన్ని చూడటం ఎంత కష్టమో పుస్తకాల్లో కన్నా ఆ ఏడున్నరేళ్లలో బాగా తెలుస్తుంది.

ఇక డ్రోన్ల వాదన. ఇది కొట్టిపారేయాల్సింది కాదు. 2020 చివర్లో రాజాలికి రెండు సీ గార్డియన్ డ్రోన్లు అద్దెకి వచ్చాయి. మనిషి అలసిపోయే చోట అది అలసిపోదు, ఒక్క ఎగురుడులో ఒక రోజుకి మించి గాల్లో ఉంటుంది. 2024 అక్టోబర్‌లో మూడు దళాలకీ కలిపి 31 కొనడానికి ఒప్పందం కుదిరింది, అందులో నేవీవి 15. ఓడల్ని లెక్కపెట్టడం, ఫోటో తీయడం లాంటి పని ఎంత ఎక్కువగా వాటికి అప్పగిస్తే అంత మంచిదని నా అభిప్రాయం. సముద్రంలో కూలితే మనిషి ప్రాణం పోదు. అద్దె డ్రోన్లలో ఒకటి 2024 సెప్టెంబర్‌లో బంగాళాఖాతంలో దిగిపోయింది కూడా. శాటిలైట్లు ఉన్నాయిగా అంటారు కొందరు. అవి వాటి వేళకి పైనుంచి దాటిపోతాయి, నీటి కింద మాట వినలేవు. డ్రోన్ పంపిన బొమ్మ చూసేదీ, పంపిన చప్పుడు వినేదీ నేల మీద కూర్చున్న మనిషే. ఆ మనిషికి సముద్రం అలవాటు లేకపోతే ఎన్ని గంటల వీడియో వచ్చినా ఉపయోగం లేదు. డ్రోన్లు వచ్చాక వినేవాళ్ల, చూసేవాళ్ల అవసరం పెరుగుతుంది, తగ్గదు.

రొటీన్‌కి అసలు శత్రువు విసుగు. దీన్ని ఒప్పుకోవాలి. ఎలాగూ ఏమీ ఉండదులే అనే ఆలోచన ఒక్కసారి స్క్వాడ్రన్‌లోకి వచ్చిందా, ఎంత ఖరీదైన విమానమైనా గుడ్డిదే. మంచి స్క్వాడ్రన్లు దీనికి చేసేది పెద్ద రహస్యమేమీ కాదు. స్క్రీన్ ముందు ఒకే మనిషిని గంటల తరబడి ఉంచకుండా సీట్లు మారుస్తారు. దిగాక రిపోర్టు చదివే అధికారి నిజంగా చదువుతాడు, చదివి ప్రశ్నలడుగుతాడు. నిన్న ఈ చోట ఐదు ట్రాలర్లున్నాయి, ఇవాళ ఒక్కటీ ఎందుకు లేదు? ఇలాంటి ప్రశ్న ఒకటి పడితే తర్వాతి వారం అంతా కళ్లు తెరుచుకునే ఎగురుతారు.

ఇంతా చెప్పింది ఒక విషయం దగ్గరికి రావడానికి. 2022 నుంచి సెయిలర్ల నియామకం అగ్నిపథ్ కింద జరుగుతోంది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత 25 శాతం మందికి మించి ఉంచరు. మొదటి బ్యాచ్ 2023 మార్చిలో ఒడిశాలోని నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కా నుంచి బయటికొచ్చింది. చిల్కా మా జిల్లాకి ఎంతో దూరం కాదు. నేనూ ఆ గేటులోంచి వచ్చినవాణ్నే. ఇప్పుడూ మా సోంపేట, పలాస వైపు కుర్రాళ్లు అటు వెళ్తూనే ఉన్నారు, ఫోన్ చేసి ఏ బ్రాంచి మంచిదని అడుగుతారు. పెన్షన్ భారం తగ్గించాలన్న ప్రభుత్వ బాధ నాకు అర్థమవుతుంది. దళంలో కుర్రాళ్లు ఉండాలన్నదీ నిజమే. కానీ గస్తీ స్క్వాడ్రన్‌లో నాలుగేళ్లు ఎలా గడుస్తాయో చూడండి. మొదట్లో కొన్ని నెలలు బేసిక్ ట్రైనింగ్, తర్వాత ట్రేడ్ కోర్సు, తర్వాత విమానం రకానికి సంబంధించిన కోర్సు. స్క్వాడ్రన్‌కి వచ్చాక సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవడం. ఏ కనెక్టర్‌లో చిలుం ముందు పడుతుందో చూడకుండానే చెప్పగలిగే రోజు వచ్చేసరికి నాలుగో ఏడు సగం అయిపోతుంది. అప్పుడు నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపేస్తే, మిగిలిన ఒక్కడూ కొత్తగా వచ్చిన ముగ్గురికి మళ్లీ మొదటి నుంచి నేర్పుతూ కూర్చోవాలి. విమానం చూసేవాడెవరు?

గస్తీ స్క్వాడ్రన్లలో పని చేసే సాంకేతిక సిబ్బందికి ఆ 25 శాతం హద్దు వర్తించకూడదన్నది నా వాదన. పనికొచ్చినవాళ్లలో కనీసం సగానికి పైగా ఉంచుకోవాలి, ఉంచుకున్నవాళ్లని మూడేళ్లకోసారి సంబంధం లేని చోటికి బదిలీ చేయకుండా అదే రకం విమానాల దగ్గర ఎక్కువకాలం పని చేయనివ్వాలి. చెవి తయారైన ఆపరేటర్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ప్రమోషన్ కోసం హెడ్‌ఫోన్ వదిలేయాల్సిన పరిస్థితి వాళ్లకి రాకూడదు. దీనికి డబ్బు ఖర్చవుతుంది. ఒక్క పీ-8ఐ ఖరీదుతో పోలిస్తే అది ఎంతో పెద్ద మొత్తం కాదు. 2009లో మొదటి ఎనిమిదింటికి 210 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాం. అంత పెట్టి కొన్న విమానంలో, దాని కింద ఉన్న సముద్రం ఎరిగిన మనుషులు ఎంతమంది కూర్చుంటున్నారో, వాళ్లు ఎన్నేళ్లు అక్కడే ఉంటున్నారో పార్లమెంటులో మన ఎంపీలు అడగాలి. విశాఖ, శ్రీకాకుళం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు ఎంపీలు ముందుగా అడగాలి.